పగులు మీద అద్దం ముక్క

జూన్ 9, సోమవారం

పొద్దున బస్సుకి టౌనుకి వెళ్ళి ఇళ్ళు చూసుకుని వచ్చాను. షాపు గదులు బాగానే ఉన్నాయి. చివరి గది షట్టరు అడుగున తుప్పు పట్టింది, ఈ ఏడాదికి రంగు వేస్తే ఆగుతుంది. నాలుగు వాటాల ఇంటి మీద ట్యాంకు మూత గాలికి ఎగిరి పక్కన పడి ఉంది. పెట్టి, మీద ఇటుక పెట్టాను. వెనక వాటాల వాళ్ళు ఏమీ అడగలేదు. అడగకపోతే బాగున్నట్టే.

మేడ మీద ముందు వాటాలో బాల్కనీ గోడకి కలిసేచోట నేల మీద సన్నగా గీత కనపడింది. చీమలు బారుగా వచ్చి అందులోకి దిగుతున్నాయి. పైకి వచ్చే చీమ ఒక్కటీ లేదు. జేబులో ఉన్న బస్సు టిక్కెట్టు తీసి దూర్చి చూశాను. సగం దాకా పోయింది.

ఆ వాటాలో ఉండే కుట్టుపని అమ్మాయి మిషన్ తొక్కుతూనే నన్ను చూసింది. మిషనూ, గుడ్డ కత్తిరించే బల్లా, స్కూలు యూనిఫారాల మూటలూ అన్నీ ఆ బాల్కనీలోనే పెట్టుకుంటుంది.

"అక్కడేం పారేసుకున్నారు బాబాయ్?"

"ఈ పగులు ఎప్పటినుంచి ఉందమ్మా?"

"మేం దిగినప్పటినుంచీ ఉంది. మా ఆయన అడిగితే పైపూత పగులు, ఏం కాదు అన్నారు కదా మీరే."

అన్నాను. అప్పుడది పైపూత పగులే.

జూన్ 10, మంగళవారం

మా ఆవిడతో చెప్పాను.

"చేలో నేల నెర్రెలిస్తే ఎంత లోతుందో నిలబడి చెప్పేవారు కదా. దీని లోతు తెలీలేదా?" అంది.

"నేల కింద నేలే ఉంటుంది. దీని కింద, కింది వాటా మాస్టారు కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటారు."

తను చేస్తున్న పని ఆపింది. "ఆయనకి చెప్పారా? ఆ అమ్మాయికి చెప్పారా?"

"ముందు మేస్త్రీకి చూపించాలి."

బావమరిదికి ఫోను చేశాను. చేను అమ్మించి ఈ ఇళ్ళు కొనిపించినవాడు వాడే. నా పేరు కింద 'రియల్ ఎస్టేట్ ఇన్వెస్టర్' అని కార్డులు కూడా అచ్చేయించాడు. కుంటుతున్న బల్ల కాలు కింద మా ఆవిడ పెట్టింది ఆ కార్డుల కట్టే. "ఇన్వెస్టర్ అన్నవాడు పగులు చూసి బెదరకూడదు బావా. బెదిరితే అద్దెకున్నోళ్ళు బెదరాలి" అన్నాడు.

జూన్ 12, గురువారం

మేస్త్రీని తీసుకెళ్ళాను. సుత్తి పిడితో తట్టి విన్నాడు. బోర్లా పడుకుని అంచు కిందకి తొంగి చూశాడు.

"ఇల్లు కట్టినప్పటిదేనా, తర్వాత వేసిందా ఇది?"

"తర్వాత వేసిందే. అంతకుముందు ఇక్కడ కిటికీ ఉండేది."

"ఎంత వేశారు బయటికి?"

"ఐదడుగులు."

"కడ్డీ లోపలి శ్లాబులోకి ఎంత పోనిచ్చారు?"

"ఆ మేస్త్రీ వేరే ఆయన. మా బావమరిది తెచ్చాడు."

మేస్త్రీ లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఫొటోలు కట్టే షాపుకి పంపి సన్న అద్దం ముక్క తెప్పించాడు. పగులుకి అటూ ఇటూ సిమెంటు ముద్ద పెట్టి, అద్దాన్ని పగులు మీద అడ్డంగా అతికించాడు.

"ఇది కదిలితే అద్దం విరుగుతుంది. కదలకపోతే విరగదు. అంతే దీని సంగతి."

"పడుతుందంటావా?"

"రేపు పడొచ్చు. మనిద్దరం పోయాక కూడా ఉండొచ్చు. నా చేత చెప్పించకండి."

కుట్టుపని అమ్మాయి అద్దం ముందు వంగి జుట్టు సర్దుకుంది. "ఇంకొంచెం పెద్దది పెట్టాల్సింది మేస్త్రీ, మొహం సగమే కనపడుతోంది" అంది.

ఐదడుగులే వేసింది. ఆ వీధిలో బయటికి వేయనివాడు లేడు.

జూన్ 16, సోమవారం

అద్దం బాగుంది. ఊరికే కంగారు పడ్డాను.

జూన్ 23, సోమవారం

అద్దం రెండు ముక్కలైంది.

"చీపురు తగిలింది బాబాయ్. గుడ్డముక్కలు ఊడుస్తుంటే. ఏమనుకోకండి, కావాలని కాదు" అంది.

"నువ్వు చూశావా తగలడం?"

"ఊడ్చేటప్పుడు చూశా. విరిగి ఉంది. చీపురే అయ్యుంటుంది. అక్కడికి ఇంకెవరొస్తారు?"

ఆ మాట విని మనసు తేలికపడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కవాడితో వానల గురించి చాలాసేపు మాట్లాడాను.

జూన్ 24, మంగళవారం

చీపురే.

జూన్ 26, గురువారం

మేస్త్రీ ఒప్పుకోలేదు. చీపురు అందని చోట ఇంకో అద్దం పెట్టాడు. పిట్టగోడ ఇంటిగోడకి కలిసేచోట, నా ఛాతీ ఎత్తున. పగులు అక్కడిదాకా పాకిందని నేను చూసుకోలేదు. ఆయన చూపిస్తే కనపడింది.

జూన్ 30, సోమవారం

శని, ఆదివారాలు వాన. రెండో అద్దం కూడా విరిగింది.

ఈసారి చీపురు మాట ఎత్తలేదు ఆ అమ్మాయి. అటు చూసి, "ఓ, ఇదీ పోయిందా" అంది, దారం ఎక్కించుకుంటూ.

ఇంక చెప్పక తప్పదని కూర్చున్నాను. "అమ్మా, ఈ బాల్కనీ కదులుతోంది. మిషనూ బల్లా లోపలికి మార్చుకో. అసలు నెల రోజులు వాటా ఖాళీ చేస్తే దీన్ని తీయించేస్తాను. తర్వాత మళ్ళీ నువ్వే వద్దువుగాని."

ఆమె నావంక చూసి నవ్వింది. కోపంగా నవ్వలేదు. చిన్నపిల్లాడి అబద్ధం పట్టుకున్నప్పుడు పెద్దవాళ్ళు నవ్వినట్టు నవ్వింది.

"ఎవరొస్తున్నారు బాబాయ్? ఎంత ఎక్కువ ఇస్తానన్నారు?"

"ఎవరూ రావట్లేదమ్మా."

కింది వాటా మాస్టారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. నేను ఇల్లు కొనకముందు నుంచీ ఆయన ఆ వాటాలోనే ఉన్నారు.

"మళ్ళీ పడిపోతోందా ఓనరు గారూ?" అన్నారు. "ఈ వాటాలో కాంపౌండరు ఉన్నప్పుడు కూడా పడిపోతానందిగా పాపం. ఆయన వెళ్ళగానే కుదుటపడింది."

"అప్పటి సంగతి వేరు మాస్టారూ."

"అప్పుడు కూడా మీ మొహం ఇలాగే పెట్టారు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు నా మొహం ఎలా ఉంటే నమ్ముతారో నాకు తెలీదు.

"లోపల వెలుతురు చాలదు బాబాయ్. నల్లగుడ్డ మీద నల్లదారం లైటు కింద కనపడి చావదు. ఈ బాల్కనీ చూసే కదా ఈ వాటా తీసుకుంది" అంది. అని మిషన్ తొక్కడం మొదలెట్టింది.

జూలై 1, మంగళవారం

కాంపౌండరు సంగతిలో నా తప్పేమీ లేదు. బాల్కనీ వేశాక అద్దె కొంచెం పెంచమన్నాను. "బాల్కనీ నేను అడిగానా?" అన్నాడు. ఎన్ని నెలలు అడిగినా అదే మాట. బావమరిది కింద రెండు పోటు కర్రలు నిలబెట్టించాడు. శ్లాబు బలం తప్పిందని నేను చెప్పాను. వారం తిరక్కుండా వెళ్ళారు. తర్వాత సున్నం వేయించి ఈ అమ్మాయి వాళ్ళకిచ్చాం. అద్దె ఇళ్ళు నడిపేవాళ్ళు ఎవరైనా చేసేదే. కాంపౌండరుకి ఇంతకంటే మంచి ఇల్లే దొరికిందని విన్నాను.

ఎవరైనా చేసేదే.

జూలై 3, గురువారం

బావమరిది ఫోను. "మాటలతో పోరు బావా. నీళ్ళు కట్టేస్తే మూడో రోజుకి సామాను సర్దుతారు. నేను టౌన్లోనే ఉన్నా. డాబా మీదికెళ్ళి ఆ వాటా వాల్వు తిప్పేసి రానా?"

సరే అనలేదు నేను. వద్దని కూడా అనలేదు. ఆమె ప్రాణం కోసమేగా.

జూలై 7, సోమవారం

వీధి మలుపు తిరగ్గానే కనపడ్డాయి. నీలం డ్రమ్ములు. బాల్కనీలో పిట్టగోడ పొడవునా వరసగా.

మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. అన్నీ నిండుగా ఉన్నాయి. పైన మూతలు, మూతల మీద తడిగుడ్డలు.

"ఇవేంటమ్మా!"

"నీళ్ళు" అంది. ఈసారి నవ్వలేదు. "మీ బావమరిది గారు వచ్చి పైన వాల్వు తిప్పడం మాస్టారు గారు చూశారు. రోజూ కింద ఆయన పంపు దగ్గర పట్టుకుని మోసుకొస్తున్నా. లోపల చోటెక్కడిది? ఇక్కడే పెట్టుకున్నా."

డాబా మీదికి పరిగెత్తి వాల్వు తిప్పాను. దిగి వచ్చి, "నీళ్ళొస్తున్నాయి చూసుకో. ఇవి ఇప్పుడే పారబోసెయ్యి" అన్నాను. ఆమె వంటింట్లో పంపు తిప్పి చూసి, కట్టి వచ్చింది.

"పారబొయ్యను బాబాయ్. రేపు మళ్ళీ కట్టరని నమ్మకమేంటి?"

"నేను కట్టించలేదమ్మా."

"మరి వద్దన్నారా?"

ఒక డ్రమ్ము నేనే వంచబోయాను. ఆమె అడ్డం వచ్చి నిలబడింది. ఇద్దరమూ, ఆ నీళ్ళూ, మిషనూ, మూటలూ అన్నీ దాని మీదే ఉన్నాం. నేనే ముందు లోపలికి వచ్చేశాను.

వాల్వు తిప్పకుండా ఉంటే ఆ డ్రమ్ములు వచ్చేవి కావు. బావమరిదికి అసలు తెలివి లేదు.

జూలై 8, మంగళవారం

మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. నా మాట నమ్మకపోయినా వాళ్ళు కాగితం మీద రాసిస్తే నమ్మి తీరాలి కదా. ప్రమాదంగా ఉంది, ఖాళీ చేయించండి అని అర్జీ రాసిచ్చాను. ఇంజనీరు మర్యాదస్తుడు. నా ఇంటి ప్లాను తెప్పించి బల్ల మీద పరిచాడు.

"ఏ బాల్కనీ అండీ?"

"మేడ మీద ముందు వాటాది."

"ఇక్కడ కిటికీ ఉంది. బాల్కనీ లేదు." కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "అర్జీ తీసుకుంటే నేను వచ్చి చూడాలి. చూస్తే ఉన్నది రాయాలి. రాస్తే ఒక్క వాటాతో ఆగదు, ఇల్లు మొత్తానికి తాళం వేస్తారు. ఎప్పుడు తీస్తారో నేను చెప్పలేను. ఇవ్వమంటారా, వద్దంటారా?"

నాలుగు వాటాలూ. వాటి మీదే కదా మా ఇద్దరి బతుకు. చేను అమ్మేసిన మనిషిని.

అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఆయన ప్లాను మడతపెట్టుకున్నాడు. బయట మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

ఐదడుగులే.

జూలై 10, గురువారం

కింద పోట్లు పెడదామని మేస్త్రీని తీసుకెళ్ళాను. వెనక దొడ్లో గోడవారన ఉన్న కర్రలు తెచ్చి బాల్కనీ కింద నిలబెట్టాం. మాస్టారు కుర్చీలోంచి లేవకుండా చూశారు.

"ఇవి కాంపౌండరు కర్రలేగా?" అన్నారు. తర్వాత పైకి చూసి కేకేశారు. "అమ్మాయ్, ఇటు చూడు! నేను చెప్పలా? అవే కర్రలు. ఈ సున్నం మరక కూడా అదే."

ఆమె పిట్టగోడ మీదినుంచి వంగి చూసింది. కర్రలు చూసినప్పుడు ఒక్క నిమిషం ఆమె మొహం మారింది. భయపడిందనిపించింది, నాకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారి మాటతో ఆ భయం పోయింది.

మేస్త్రీ కర్ర మీద గోటితో గీశాడు. పొట్టులా రాలింది. "చెదలు. ఇవి చూపించడానికి బాగుంటాయి. మొయ్యవు" అన్నాడు మెల్లగా. ఇనప జాకీలు కావాలన్నాడు. సెంట్రింగు సామాను అద్దెకిచ్చే షాపుకి వెళ్ళాం. ఉన్నవన్నీ ఎక్కడో కట్టే కల్యాణమండపం కింద ఉన్నాయట. ఇరవై ఒకటిన, సోమవారం విప్పుతారు. ముందే డబ్బులు కట్టి వచ్చాను.

"కుర్చీ లోపలేసుకోండి మాస్టారూ" అన్నాను వస్తూ.

"నా వరండా కూడా ఖాళీ చెయ్యాలా?" అన్నారు.

జూలై 14, సోమవారం

ఇల్లు చూడ్డానికి వెళ్ళి, చూడకుండా ఎదురుగా మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూర్చున్నాను. అక్కణ్ణుంచి బాల్కనీ అంతా కనపడుతుంది. చూస్తూ కూర్చుంటే పడకుండా ఉంటుందన్నట్టు. చేలో కూడా ఇలాగే కూర్చునేవాణ్ణి, వడగళ్ళు పడేటప్పుడు. చేసేదేమీ ఉండదు. ఇంట్లోకి మాత్రం రాబుద్ధి కాదు.

ఎండెక్కాక ఆమె నన్ను చూసింది.

"కాపలానా బాబాయ్? నేనేం పారిపోను లెండి!"

వీధిలో వాళ్ళు నవ్వారు. కాసేపటికి పైనుంచి సంచి ఒకటి తాడు మీద దిగింది. బొత్తాల వాడికీ, దారాల వాడికీ అలాగే దింపుతుంది. మెట్లు దిగే పని లేకుండా.

"టీ పెట్టా. వచ్చి తీసుకోండి, చల్లారుతుంది."

సంచి సరిగ్గా బాల్కనీ కింద వేలాడుతోంది. అందుకోవాలంటే దాని కిందికి వెళ్ళాలి. అరుగు దిగి వీధి దాటి ఆగిపోయాను. మాస్టారు పేపరు కిందికి దించి నన్ను చూస్తున్నారు. పైనుంచి ఆమె చూస్తోంది.

"ఏం బాబాయ్, రారేం? భయమా?"

ఆ మాట నవ్వుతూ అనలేదు. నా కాళ్ళ వంక చూస్తూ అడిగింది. నేను అక్కడే ఆగి ఉంటే సరిపోయేది. నేను నోటితో చెప్పింది నమ్మలేదు కానీ, నా కాళ్ళు చెప్పేది నమ్మడానికి ఒక అడుగు దూరంలో ఉంది. అది ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఇంటి ఓనరు తన ఇంటి కింద నిలబడ్డానికి జంకాడని వీధంతా అనుకుంటుందని సిగ్గేసింది. టీ ఇచ్చిన మనిషిని నిలబెట్టడం కూడా బాగోదనిపించింది.

వెళ్ళాను. సంచిలోంచి గ్లాసు తీసుకున్నాను. అక్కడే, దాని కిందే నిలబడి తాగాను.

"అదీ!" అంది ఆమె. ఊపిరి వదిలినట్టు అంది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడటం మొదలెట్టింది. ఆమె చెబుతుంటే నేను తలెత్తి ఆమె మొహం చూడబోయి, ఆ అడుగున తడి మరకే చూశాను.

"మీరు మంచివారే బాబాయ్. కానీ ఓనర్లందరికీ ఏదో ఒకటి వస్తుంది. ఒకాయన వాళ్ళబ్బాయి పెళ్ళి, ఇల్లు కావాలన్నాడు. తర్వాత తెలిసింది, ఆయనకి అబ్బాయే లేడు. ఇంకొకావిడ ఇంట్లో పాము దూరిందంది. పాము ఉన్న ఇంటికి అద్దె పెంచి ఇంకొకరికి ఇచ్చింది. పాముతో సహా ఇచ్చిందేమో మరి." తనే నవ్వుకుంది. "మా ఆయన వ్యాను తోలుకుంటూ నెలకోసారి వస్తాడు. మేం ఎక్కడున్నామో ప్రతిసారీ ఆయనకి దారి చెప్పాల్సి వస్తోంది. ఈ ఇల్లు ఒక్కటే ఆయన అడక్కుండా రాగలిగాడు. నిజం చెప్పండి. నేను పోతే మీకెంతొస్తుంది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. కాంపౌండరుకి చెప్పింది అబద్ధం, నీకు చెప్పేది నిజం. ఆ ఒక్క ముక్క చాలు. మొదటిది ఒప్పుకుంటే గానీ రెండోది నమ్మదు. మాస్టారు వింటున్నారు. ఎదురు కొట్టాయన తాళం తీస్తూ వింటున్నాడు.

"టీ బాగుందమ్మా" అన్నాను.

గ్లాసు సంచిలో పెడితే పైకి లాక్కుంది.

జూలై 15, మంగళవారం

సోమవారం జాకీలు వస్తాయి. వారం కూడా లేదు. ఇన్నేళ్ళు ఉన్నది వారం ఉండదా.

జూలై 18, శుక్రవారం

జాకీలు ఎక్కడ పెట్టాలో చూడాలని మేస్త్రీ గోడ దగ్గర కొంచెం పూత కొట్టి తీశాడు. కడ్డీలు కనపడ్డాయి. తుప్పు పొరలు పొరలుగా ఊడుతోంది. లోపలి శ్లాబులోకి జానెడు కూడా పోలేదు. మేస్త్రీ సుత్తి సంచిలో పెట్టేసుకుని, "ఇంక దీన్ని ముట్టుకోకూడదు" అన్నాడు.

సుత్తి చప్పుడికి వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి చూసింది. "ఏం కొడుతున్నారు?" అని ఒక్కసారే అడిగింది. చూద్దామని, అన్నాను.

జూలై 19, శనివారం

వాన. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

"జల్లు కొడుతోందని మిషను లోపలికి లాక్కున్నా" అంది.

"అక్కడే ఉంచమ్మా. నువ్వు కూడా అటు వెళ్ళకు."

"ఎండొస్తే మళ్ళీ బయటికే."

ఎండ రాకూడదని కోరుకున్నాను. వాన వస్తే పగులుకి మంచిది కాదు. ఏది కోరుకోవాలో తెలీలేదు.

జూలై 20, ఆదివారం

పడింది.

జూలై 21, సోమవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

మాస్టారే ఫోను చేశారు. "ఓనరు గారూ, పడింది" అన్నారు. ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగేలోపు ఫోను కట్ అయింది. మళ్ళీ కలవలేదు. మా ఆవిడ చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. బస్సు దొరికింది. దారిలో ప్రతి స్టాపులోనూ ఆపాడు. ఎక్కేవాళ్ళని తిట్టుకున్నాను. ఏమనుకున్నానో, ఎవరెవరికి మొక్కుకున్నానో రాయను.

వీధి మలుపు తిరిగితే జనం. వాళ్ళ మధ్య కుప్ప. చెదకర్రలు అగ్గిపుల్లల్లా విరిగి ఉన్నాయి. నీలం డ్రమ్ము ఒకటి నలిగి పక్కకి దొర్లింది. ఒకవైపు మూట చినిగి యూనిఫారాలు బురదలో పరుచుకున్నాయి, అన్నీ ఒకే కొలత చొక్కాలు. వాటిని చూసి నాకు కాలు ముందుకు పడలేదు.

"అదుగో వచ్చాడు" అని ఎవరో అన్నారు.

అప్పుడు తలెత్తి చూశాను. బాల్కనీ ఉన్నచోట ఏమీ లేదు. తలుపు తెరిచి ఉంది. ఆ గుమ్మంలో, ఆఖరి అంచు మీద ఆమె నిలబడి ఉంది, తలుపు రెక్క పట్టుకుని. బతికే ఉంది.

నాకు ఏడుపు వచ్చింది. అది చూసి ఆమె ఇంకా మండిపడింది.

"ఏడవండి, ఏడవండి! శుక్రవారం సుత్తి పెట్టి కొట్టించి, ఆదివారానికి పడేలా చేసి, ఇప్పుడొచ్చి ఏడుస్తున్నారా? దారం కోసం లోపలికొచ్చాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నన్ను చుట్టబెట్టి తీసుకెళ్ళేవాళ్ళు!"

"అమ్మా, నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను..."

"ఎందుకు చెప్పరు? పడగొట్టేది మీరేగా, మీకు ముందే తెలుస్తుంది!"

వీధిలో ఒక్కరు కూడా కాదనలేదు. ఎదురు కొట్టాయన, "ఆ పిల్ల చేతి టీ కూడా తాగాడండీ" అని పక్కవాడితో అన్నాడు.

మాస్టారు కుప్ప పక్కన వంగి ఏదో లాగుతున్నారు. ఆయన కుర్చీ. అప్పడంలా అయిపోయింది. పాల పాకెట్టు కోసం వెళ్ళారట ఆ కాసేపూ. చేతిలో పాల పాకెట్టు ఇంకా అలాగే ఉంది.

"ముందే గట్టిగా చెబితే కుర్చీ లోపలేసుకునేవాణ్ణిగా ఓనరు గారూ" అన్నారు.

"చెప్పాను కదా మాస్టారూ."

"మీరు చాలా చెప్తారండీ."

మున్సిపల్ ఇంజనీరు వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. నేను ఆయన్ని పక్కకి పిలిచి, ఇప్పుడైనా తాళం వేయించండి, ఇల్లు మొత్తానికైనా సరే, అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన తలుపు వైపు చూశాడు.

"కాగితంలో లేని బాల్కనీ ఇప్పుడు ఇక్కడ కూడా లేదు. మీ ఇల్లు ప్లానులో ఉన్నట్టే అయింది. ఇంకేం రాయమంటారు?" అని, ఆ తలుపుకి కటకటాలు పెట్టించమని చెప్పి వెళ్ళిపోయాడు.

జాకీలు ఇవాళ పొద్దున వచ్చాయి. వెనక్కి పంపేశాను.

జూలై 24, గురువారం

రాళ్ళూ రప్పా ఎత్తించాం. మేస్త్రీ పై గదిలో నేల చూశాడు. కడ్డీలు ఊడి వచ్చినప్పుడు గది శ్లాబు అంచు కూడా చీలిందట. గుమ్మం దగ్గర మొదలై గది మధ్య దాకా గీత ఉంది. మేస్త్రీ చేయి చాపాడు. జేబులో అద్దం ముక్క ఉంచుకుని వెళ్ళాను ఈసారి. గుమ్మానికి రెండడుగుల లోపల అతికించాడు.

ఆమె తలుపుకి అడ్డంగా రెండు చెక్కలు కొట్టుకుంది. కటకటాలు పెట్టిస్తానంటే మా మనుషులు గోడ ముట్టుకోవడానికి వీల్లేదంది. వానకి లోపలికి లాక్కున్న మిషన్‌ని చెక్కలకి ఆనించి వేసుకుంది.

"అమ్మా, ఈ గది కూడా మంచిది కాదు. నీకు దండం పెడతాను. వేరే ఇల్లు నేనే చూస్తాను, సామాను నేనే దింపిస్తాను. నా దగ్గర ఉండనక్కర్లేదు."

"ఇప్పుడసలే పోను బాబాయ్. పడగొట్టి మరీ పంపాడు అని రేపు ఇంకో ఓనరు నేర్చుకుంటాడు." సూదికి దారం ఎక్కించి పళ్ళతో కొరికింది. "అయినా ఇంక పడేదేముంది? పడాల్సింది పడిపోయింది."

నేను చెప్పాను. అక్కడే, మేస్త్రీ ముందు. కాంపౌండరుకి నేను చెప్పింది అబద్ధమనీ, ఇది నిజమనీ. మొత్తం చెప్పాను.

ఆమె శ్రద్ధగా వింది. "ఇదే మొదట చెప్పాల్సింది కదా" అంది. తర్వాత బయటికి చూసింది. "ఒకటి మాత్రం మంచి జరిగింది. ముందు పిట్టగోడ అడ్డం లేదు, మూటలూ లేవు. వెలుతురు ఇదివరకటికంటే బాగా వస్తోంది."

జూలై 25, శుక్రవారం

మా ఆవిడ పొద్దున ఒక మాట అంది. "రోజూ వెళ్ళలేరు. ఫోను చేసి అడగండి, అద్దం ఉందో లేదో. ఆ మాత్రం చెబుతుంది."

చేశాను. "ఉంది" అంది.

జూలై 28, సోమవారం

వెళ్ళాను. అద్దం ఉంది. ఆమె కాలికి ఇవతల, గుడ్డపేలికల కింద. నేను వంగి పేలికలు తీసి చూశాను. పెట్టిన రోజు తర్వాత తను చూసినట్టు లేదు.

జూలై 31, గురువారం

వాన పట్టుకుంది. పొద్దున ఫోను చేశాను.

"అమ్మా, నేను..."

"ఉంది బాబాయ్" అంది, అడక్కముందే.

మిషన్ చప్పుడు వినపడుతూనే ఉంది. ఆ మాట అనేటప్పుడు కూడా ఆగలేదు.